తెలుగు మాధ్యమాల్లో లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చిత్రణ

తెలుగు సాహిత్యంలో, రంగస్థలం మీద, సినిమాల్లో, టీవీలో, పత్రికల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులూ, స్త్రీలను ప్రేమించే స్త్రీలూ ఏ కాలంలో ఎలా కనిపించారన్నది ఈ వ్యాస విషయం. ఈ రెండు వర్గాల చరిత్రా ఒక్కటి కాదు. హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు పురాణాల నాటినుంచి కనిపిస్తూనే ఉన్నారు. అయితే వాళ్ల పాత్రలకు మాటలు రాసిందీ, వేషం కట్టిందీ దాదాపు ఎప్పుడూ ఇతరులే. లెస్బియన్ స్త్రీలు 2018 దాకా ప్రధాన స్రవంతి తెలుగు సినిమాలో ముఖ్య పాత్రలుగా కనబడటమే అరుదు. ట్రాన్స్ పురుషుల పరిస్థితి నేటికీ అంతే. 2010 తర్వాత ఈ వర్గాలవారు ఆత్మకథల్లో, ఎన్నికల ప్రచారంలో, కోర్టుల్లో, టీవీ కార్యక్రమాల్లో తమ గురించి తామే మాట్లాడటం మొదలుపెట్టారు. తెలుగు చిత్రణలో చెప్పుకోదగ్గ మార్పు అక్కడే మొదలైంది.

పురాణ, కావ్య నేపథ్యం

స్త్రీపురుష భేదాన్ని దాటే పాత్రలు తెలుగువారికి కొత్తవి కావు. ఊర్వశి శాపం వల్ల అర్జునుడు బృహన్నల అయి విరాటరాజు కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. తిక్కన రచనతో ఈ కథ తెలుగింటి కథ అయింది. అంబ మరుజన్మలో శిఖండిగా పుట్టి, కొడుకుగా పెరిగి, పెళ్లయ్యాక నిజం బయటపడి, యక్షుడి వరంతో పురుషత్వం పొందుతుంది. భస్మాసురుణ్ణి మోసగించిన మోహిని కథ యక్షగానాల్లోకీ, సినిమాల్లోకీ వచ్చింది. 16వ శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయంలో సుముఖాసత్తి, మణిస్తంభుడు తమ స్త్రీపురుష రూపాలను ఒకరికొకరు మార్చుకుంటారు. కథానాయకుడైన కళాపూర్ణుడు పుట్టేది ఆ మార్పు తర్వాతే.

ఈ కథలన్నిటిలోనూ మార్పుకు కారణం శాపమో, వరమో, మాయో. అది మనిషి లోపలినుంచి వచ్చిన గుర్తింపుగా ఎక్కడా కనబడదు. గడువు తీరగానే బృహన్నల మళ్లీ గాండీవం పడతాడు. ఈ తాత్కాలికత తర్వాతి తెలుగు చిత్రణ మీద చాలాకాలం ప్రభావం చూపింది. బృహన్నలను గౌరవించిన ప్రేక్షకులే వీధిలో ఎదురైన హిజ్రాను చూసి నవ్వారు. ఆ ఇద్దరి మధ్యా ఏదైనా బంధం ఉందని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

స్త్రీల మధ్య ప్రేమకు దక్కను సాహిత్యంలో ఒక సన్నని దారి ఉంది. స్త్రీ గొంతుతో పలికే దక్కనీ ఉర్దూ కవిత్వాన్ని 17వ శతాబ్దంలో హాష్మీ బీజాపురీ రాశాడు. తర్వాత లక్నోలో ‘రేఖ్తీ’ పేరుతో ఆ ప్రక్రియ విస్తరించి, స్త్రీల మధ్య స్నేహాన్నీ, మోహాన్నీ బాహాటంగా వర్ణించింది. ఆ కవులలో పేరుపడినవారంతా పురుషులే.

రంగస్థలం: స్త్రీ వేషం

కూచిపూడి భాగవతులు తరతరాలుగా స్త్రీ పాత్రలను పురుషులతోనే ఆడించారు. సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ 20వ శతాబ్దంలో అసమానమైన కీర్తి పొందారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పద్యనాటకంలో అంతటి పేరు స్థానం నరసింహారావుది. బాపట్లకు చెందిన ఆయన సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, రోషనార పాత్రలతో ఆంధ్రదేశాన్ని ఊపి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

స్త్రీ వేషం వేసిన నటులను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులుగా లెక్కకట్టడం సరికాదు. అది నేర్చుకున్న విద్య, కుటుంబ వృత్తి. అయినా ఒక విషయం ఆ సంప్రదాయం నిరూపించింది: పురుష దేహంలో స్త్రీత్వం కనిపిస్తే నవ్వక, కన్నార్పకుండా చూసే సంస్కారం తెలుగు ప్రేక్షకులకు ఒకప్పుడు ఉంది. సురభి నాటక సమాజంలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ సమాజం నుంచే వచ్చారు. సినిమాలో స్త్రీ పాత్రలకు నటీమణులు వచ్చాక, మగవాడి ఆడవేషానికి గంభీరమైన అవసరం తీరిపోయింది. మిగిలింది హాస్యం.

జాతరల్లో మాత్రం వేషానికి పవిత్రత నిలిచింది. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీ వేషాలతో మొక్కు తీర్చుకుంటారు. 2024 డిసెంబరులో వచ్చిన పుష్ప 2లో అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడిన జాతర ఘట్టానికి మూలం ఆ ఆచారమే. వేములవాడలో శ్రీరామనవమి నాడు ‘శివపార్వతులు’ అనే భక్తులు, వారిలో ఎందరో ట్రాన్స్ మహిళలు, శివుణ్ణి వరుడిగా భావించి తలంబ్రాలు పోసుకుంటారు. టీవీ చానళ్లు ఏటా ఆ దృశ్యాలను చూపిస్తాయి. పండుగ మర్నాడు వాళ్లెలా బతుకుతున్నారన్నది మాత్రం ఆ కెమెరాలకు అరుదుగానే పడుతుంది.

నిజాం కాలపు చట్టం

చిత్రణను చట్టం కూడా తీర్చిదిద్దింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871 నేరస్థ తెగల చట్టంలో ఒక భాగాన్ని ‘యూనక్‌ల’ కోసం కేటాయించింది. ఆ బాటలోనే నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, మరో చట్టం వచ్చింది. అది హిజ్రాల పేర్లను ప్రభుత్వ పట్టికలో నమోదు చేయమంది. వాళ్లు స్త్రీల దుస్తులు, నగలు ధరించి బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం ఆ చట్టంలోనే అంతర్లీనంగా ఉంది.

రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం తెలంగాణ దాకా కొనసాగింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ ధర్మాసనానికి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్ నేతృత్వం వహించారు. వందేళ్లకు పైగా పుస్తకాల్లో నిలిచిన ఆ అనుమానమే వార్తల్లో, సినిమాల్లో, పుకార్లలో వేరే రూపాల్లో బతికింది.

సినిమా: బృహన్నల నుంచి హాస్యపాత్ర దాకా

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన నర్తనశాల (1963)లో ఎన్.టి. రామారావు బృహన్నలగా నటించారు. అగ్ర కథానాయకుడు ఆ పాత్రకు ఒప్పుకోవడమే అప్పట్లో సాహసం. వెంపటి పెదసత్యం కూర్చిన నృత్యాలతో, లలితమైన నడకతో ఆయన దాన్ని ఎక్కడా వెకిలి కానివ్వలేదు. 1979లో శ్రీమద్విరాటపర్వంలో మళ్లీ ఆ పాత్ర వేశారు.

సాంఘిక చిత్రాల్లో తీరు వేరు. 1990ల తొలి సంవత్సరాల్లో ఆడవేషం హాస్యచిత్రాలకు ముడిసరుకైంది. చిత్రం భళారే విచిత్రంలో నరేశ్, మేడమ్‌లో రాజేంద్రప్రసాద్ స్త్రీలుగా కనిపించారు. ఇ.వి.వి. సత్యనారాయణ జంబలకిడిపంబ (1993) ఊరంతటి స్త్రీపురుషుల తీరునూ తారుమారు చేసి నవ్వించింది. ఆ సినిమాలో పురుషాధిక్యానికి కొన్ని చురకలు తగిలాయన్నది నిజం. కానీ నవ్వుకు ఆధారమంతా, మగవాడు ఆడతనం చూపితే పరువు పోయినట్టే అన్న నమ్మకం మీదే నిలిచింది.

హిజ్రా పాత్రలకు ఈ నమ్మకం మరింత కీడు చేసింది. రైల్లోనో, సిగ్నల్ దగ్గరో చప్పట్లు కొడుతూ వచ్చి, కమెడియన్ని పట్టుకుని, అతడు బెదిరి పారిపోతే ముగిసే దృశ్యం అనేక చిత్రాల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ పాత్రకు పేరుండదు, ఇల్లుండదు, ఏ కథా ఉండదు. ‘ఆడంగి’, ‘పేడి’ వంటి మాటలు కథానాయకుడు ప్రత్యర్థిని అవమానించడానికి వాడే ఆయుధాలయ్యాయి. బడిలో, వీధిలో మెత్తగా నడిచే పిల్లల మీద తోటిపిల్లలు అవే మాటలు విసిరారు.

మినహాయింపు తమిళం నుంచి వచ్చింది. మణిరత్నం బొంబాయి (1995) తెలుగు అనువాదంలో, అల్లర్ల నడుమ దిక్కుతోచని పిల్లవాణ్ణి ఒక హిజ్రా కాపాడి అక్కున చేర్చుకుంటుంది. ఉన్నది కొద్ది నిమిషాలే అయినా, ఆ పాత్రకు నీతీ, ధైర్యమూ ఉన్నాయి.

2010 తర్వాతి చిత్రాలు

క్రిష్ దర్శకత్వంలో వచ్చిన వేదం (2010)లో వేశ్యావృత్తి నుంచి బయటపడాలనుకునే సరోజకు తోడుగా కర్పూరం అనే ట్రాన్స్ పాత్ర ఉంది. ఇద్దరిదీ ఆపదలో పంచుకున్న స్నేహం. మరుసటి ఏడాది రాఘవ లారెన్స్ కాంచన తెలుగులోనూ ఘనవిజయం సాధించింది. తల్లిదండ్రులు గెంటేసిన కాంచన, తనలాగే ఇంటివాళ్లు వెలేసిన మరో ట్రాన్స్ అమ్మాయిని పెంచి, ఆమెను డాక్టరుగా చూడాలని కలలు కంటుంది. భూమి కోసం ఆమెను చంపుతారు. శరత్‌కుమార్ నటించిన ఆ గతకథ దగ్గర ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకున్నారు. అయితే ఆ గౌరవం ఆమెకు చనిపోయి దయ్యమయ్యాకే దక్కింది. హీరో ఒంట్లో ఆమె చేరినప్పుడు అతడి ఆడతనం మళ్లీ హాస్యమే అయింది. ఒకే సినిమాలో కరుణా, వెక్కిరింతా పక్కపక్కనే నడిచాయి.

అర్ధనారి (2016)లో ప్రధాన పాత్రే హిజ్రా. 2018 ఆగస్టు చివర్లో, నర్తనశాల పేరునే తీసుకున్న ఒక హాస్యచిత్రంలో నాగశౌర్య ‘గే’గా నటించే యువకుడి పాత్ర వేశారు. స్వలింగ సంబంధాలను నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ తర్వాత వారానికే, సెప్టెంబరు 6న. నవ్వుకు వాడుకున్న జీవితాలు అప్పటికి చట్టం ముందు నేరంగానే ఉన్నాయి.

2024లో హసిత్ గోలి దర్శకత్వంలో వచ్చిన శ్వాగ్ వంశాధికారం స్త్రీదా, పురుషుడిదా అన్న తగవుతో మొదలై, ఆ రెండింటిలో ఇమడని మనిషికి చోటేదన్న ప్రశ్న దగ్గరికి చేరింది. శ్రీవిష్ణు వేసిన పలు పాత్రల్లో ఒకటి ట్రాన్స్‌జెండర్ పాత్ర. తమిళ సూపర్ డీలక్స్‌లో విజయ్ సేతుపతి శిల్ప పాత్ర ఆహా ఓటీటీ ద్వారా తెలుగువారికి చేరింది. ఈ చిత్రాలకు కథ మీద గౌరవం ఉంది. కానీ ప్రధాన ట్రాన్స్ పాత్రలు పేరున్న కథానాయకుల చేతికే వెళ్లాయి. ఆ పాత్రలను తమ బతుకులోంచి తెలిసిన ట్రాన్స్ నటీనటులకు అవి దక్కలేదు.

లెస్బియన్ పాత్రలు

ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమ దేశంలో పెద్ద చర్చ కావడం దీపా మెహతా ఫైర్ (1996)తో మొదలైంది. అందులో ఒక నాయిక హైదరాబాద్‌లో పుట్టిన షబానా ఆజ్మీ. 1998 డిసెంబరులో ముంబై, ఢిల్లీ థియేటర్ల మీద దాడులు జరిగాయి. తెలుగు నిర్మాతలు ఆ తర్వాత ఇరవై ఏళ్ల వరకు ఆ ఇతివృత్తం జోలికి పెద్దగా పోలేదు.

ప్రశాంత్ వర్మ తొలి చిత్రం అ! (2018)లో రాధ (ఈషా రెబ్బా) తన తల్లిదండ్రులను రెస్టారెంటుకు పిలిచి, పెళ్లి చేసుకోబోయే క్రిష్‌ను పరిచయం చేస్తుంది. వచ్చిన క్రిష్ ఒక అమ్మాయి (నిత్యా మేనన్). కోపం, నవ్వు, తడబాటు కలిసిన ఆ సంభాషణ తెలుగు తెరకు చాలా కొత్త. క్రిష్ సంజాయిషీ ఇచ్చుకోదు, సిగ్గుపడదు, ఓపికగా మాట్లాడుతుంది. కథ ముగింపులో పాత్రలన్నీ బాల్యంలో గాయపడిన ఒకే స్త్రీ మనసులోని రూపాలని తేలుతుంది. ఆ ముగింపుతో రాధ, క్రిష్‌ల ప్రేమకు సొంత ఉనికి లేకుండా పోయింది. స్వలింగ ప్రేమ ఏదో గాయం ఫలితమన్న అపోహకు కూడా అది తావిచ్చింది.

2022లో రాంగోపాల్ వర్మ ‘మా ఇష్టం’ తీశారు. ఇద్దరు నాయికల ప్రేమను నేరకథలో పెట్టిన ఆ చిత్రాన్ని ప్రదర్శించడానికి పి.వి.ఆర్., ఐనాక్స్ మల్టీప్లెక్సులు మొదట నిరాకరించాయి. ఆ నిరాకరణ తప్పే. అయితే కెమెరా ఆ ఇద్దరినీ చూసిన తీరు పురుష ప్రేక్షకుడి కళ్లతో చూసిందే. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి సినిమా ఆసక్తి చూపలేదు.

వార్తా మాధ్యమాలు

సినిమా కన్నా ఎక్కువ హాని కొన్నిసార్లు వార్తలే చేశాయి. 2011 ఫిబ్రవరిలో టీవీ9 హైదరాబాద్ గే పురుషుల మీద రహస్య కథనం ప్రసారం చేసి, ముఖాలు, ఫోన్ సంభాషణలు బయటపెట్టింది. కార్యకర్తల ఫిర్యాదుపై వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ ఆ చానల్‌కు లక్ష రూపాయల జరిమానా విధించి, క్షమాపణ ప్రసారం చేయమంది. దేశ టీవీ వార్తల చరిత్రలో ఎల్జీబీటీ వ్యక్తుల గోప్యత విషయంలో తొలినాళ్లలో వచ్చిన ముఖ్యమైన నిర్ణయాల్లో అదొకటి.

2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. 1919 చట్టంలో ఉన్న అనుమానం, హాస్య దృశ్యాలు నాటిన వెరపు, పుకారు కలిస్తే ఏం జరుగుతుందో ఆ రోజు నగరం చూసింది.

స్త్రీల ప్రేమ వార్తల్లోకి వచ్చేది ఎక్కువగా పారిపోయినప్పుడో, ఆత్మహత్య జరిగినప్పుడో, పోలీస్ స్టేషన్‌లో పంచాయితీ అయినప్పుడో. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు వయోజన యువతులు కలిసి జీవించే హక్కును సమర్థిస్తూ, కుటుంబం అడ్డుపడరాదని చెప్పింది. ఇలాంటి తీర్పుల వల్ల పత్రికలు వాళ్లను నేరకథల పాత్రలుగా కాక, హక్కున్న పౌరులుగా రాయడానికి వీలు దొరుకుతోంది.

టీవీ వినోదం

2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ ‘లేడీ గెటప్’ను ఇంటింటికీ తెచ్చింది. ఆ గెటప్‌లతో పేరు తెచ్చుకున్న ఒక కళాకారిణి ఆ తర్వాత తాను ట్రాన్స్ మహిళనని చెప్పుకుని, ప్రియాంక సింగ్‌గా 2021లో బిగ్‌బాస్ తెలుగు ఐదో సీజన్‌లో పాల్గొన్నారు. అంతకుముందే 2019 మూడో సీజన్‌లో ట్రాన్స్ మహిళ తమన్నా సింహాద్రి వైల్డ్‌కార్డుగా వచ్చారు. అదే ఏడాది ఆమె మంగళగిరి శాసనసభ స్థానంలో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేశారు. రియాలిటీ షోకు తన స్వార్థం తనకుంది. అయినా వారాల తరబడి రోజూ ఒక ట్రాన్స్ మహిళ వంట చేయడం, అలగడం, ఏడవడం, పంతం పట్టడం లక్షల ఇళ్లు చూశాయి. ఆ పాత్రకు ఎవరో రాసిన మాటలు లేవు.

యూట్యూబ్‌లో ట్రాన్స్ మహిళల ఇంటర్వ్యూలు వెల్లువెత్తాయి. వాటిలో శస్త్రచికిత్స, దేహం గురించిన ప్రశ్నలు చాలాసార్లు హద్దు మీరుతున్నాయి. సొంత చానళ్లు నడుపుతున్నవారు ఆ ప్రశ్నలకు బదులు ఉద్యోగం, ఇల్లు, ప్రేమ, పండుగ వంటలు మాట్లాడుతున్నారు.

ఆత్మకథ, పరిశోధన

ఈ చరిత్రలో మలుపు అనదగిన పుస్తకం ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి తన జీవితాన్ని రాయగా, పి. సత్యవతి తెలుగులోకి అనువదించారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఈ అనువాదానికి సత్యవతికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. ఇంటినుంచి వెలి, గురు-చేలా (గురుశిష్య) బంధం, పోలీసుల దెబ్బలు, ప్రేమ కోసం తపన ఒక మనిషి సొంత గొంతులో తెలుగు పాఠకులకు చేరాయి.

హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రా సమాజం మీద గాయత్రి రెడ్డి చేసిన మానవశాస్త్ర అధ్యయనం 2005లో ఆంగ్లంలో వచ్చింది. పాతబస్తీ ఇళ్లలో ఉంటూ బధాయికి (శుభకార్యాల్లో ఆశీర్వదించి కానుకలు తీసుకోవడానికి) వెళ్లే హిజ్రాలకూ, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ట్యాంకు కింద బతికే వాళ్లకూ ఉన్న తేడాలను, ‘ఇజ్జత్’ (పరువు) గురించి వాళ్ల ఆలోచనలను అది వివరిస్తుంది. సినిమాలు ఒకే మూసలో పోసిన మనుషుల్లో ఇంత వైవిధ్యం ఉందని ఆ పుస్తకం చాటింది.

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

ఈ చిత్రాలను ప్రేక్షకులు ఎలాంటి చోట్ల చూశారో తెలియడానికి హైదరాబాద్‌లోని ఒక ప్రాంతం చూద్దాం. చాదర్‌ఘాట్ దాటాక మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా విజయవాడ వైపు సాగే రహదారి హైదరాబాద్ తూర్పు జీవనాడి. మూసారాంబాగ్ టీవీ టవర్ ఈ ప్రాంతానికి గుర్తు. దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్, వెంకటాద్రి వంటి థియేటర్లు జిల్లాల నుంచి కోచింగ్‌కు వచ్చి హాస్టళ్లలో ఉండే యువతకు సినిమాను పంచాయి. ఉర్దూ మాట్లాడే మలక్‌పేట, తెలుగు జిల్లాల నుంచి వచ్చిన దిల్‌సుఖ్‌నగర్ పక్కపక్కనే ఉండటంతో హిజ్రాల గురించిన రెండు భాషల మాటలూ ఇక్కడ కలుస్తాయి. తెర మీది వెకిలి దృశ్యానికి హాలంతా నవ్వుతున్నప్పుడు, తన సంగతి బయటపడుతుందేమోనని బిగుసుకుని కూర్చునేవాళ్లకు ఇలాంటి హాళ్లలో పొరుగు సీటు కూడా భయమే.

నగరంలో ఈ చిత్రాన్ని మార్చినవి ఉద్యోగాలు, ఊరేగింపులు, ఎన్నికలు. 2013 నుంచి హైదరాబాద్‌లో స్వాభిమాన యాత్రలు జరుగుతున్నాయి. 2018 శాసనసభ ఎన్నికల్లో గోషామహల్ నుంచి ట్రాన్స్ మహిళ చంద్రముఖి మువ్వల బహుజన లెఫ్ట్ ఫ్రంట్ అభ్యర్థిగా నిలబడ్డారు. 2022లో మలక్‌పేటకు మూసీ ఆవలి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్ మహిళలు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ వైద్యులుగా చేరారు. 2024 డిసెంబరులో ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియమించింది. సిగ్నల్ దగ్గర హిజ్రా అంటే చేయి చాచే మనిషే అని దశాబ్దాలుగా సినిమాలు చూపిన నగరంలో, అదే సిగ్నల్ దగ్గర యూనిఫాం వేసుకుని వాహనాలను ఆపే ట్రాన్స్ మహిళ కనిపించింది.

జపాన్‌తో పోలిక

తెలుగు కూచిపూడిలో లాగే జపాన్‌లోనూ కబుకి నాటకంలో పురుషులు స్త్రీ పాత్రలు వేశారు. అయితే 1914లో ప్రదర్శనలు మొదలుపెట్టిన తకరజుకా బృందంలో స్త్రీలే పురుష పాత్రలు కూడా వేస్తారు. నోబుకో యోషియా అనే రచయిత్రి 1916 నుంచి బాలికల పత్రికలో రాసిన కథలు అమ్మాయిల మధ్య గాఢమైన ప్రేమను సాహిత్య వస్తువును చేశాయి. ఆమె తన జీవితమంతా ఒక స్త్రీతోనే పంచుకుంది. ఆ ధారలోంచే తర్వాత ‘యూరి’ కామిక్స్ ప్రక్రియగా ఎదిగాయి. 2001లో ఒక ప్రసిద్ధ బడి నేపథ్యపు టీవీ ధారావాహికలో ట్రాన్స్ బాలుడి పాత్ర వచ్చింది. 2003లో లింగ నమోదు మార్చుకునే చట్టం వచ్చింది. 2020 నాటి మిడ్‌నైట్ స్వాన్‌లో ట్రాన్స్ మహిళ పాత్రను పురుష నటుడే వేయడం మీద అక్కడా తెలుగు నాట లాంటి విమర్శే వచ్చింది.

తేడా ఒక్కచోట ఉంది. అక్కడ అమ్మాయిలు చదివే పత్రికలు, అమ్మాయిలు రాసే కథలు లెస్బియన్ ప్రేమకు ఒక వేదికను తొలినాళ్లలోనే ఇచ్చాయి. తెలుగులో స్త్రీలకు వారపత్రికలు, నవలలు, లక్షల పాఠకురాళ్లు ఉన్నా, ఆ ప్రేమకు ప్రక్రియ అంటూ ఏర్పడలేదు.

ప్రస్తుత స్థితి

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది స్త్రీ, పురుష గడులకు బయట నమోదయ్యారు. దేశంలో ఉత్తరప్రదేశ్ తర్వాత అంత సంఖ్య ఇక్కడే. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును ఒప్పుకుంది. 2023లో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌కు చెందిన జంటే. ఈ ఘట్టాలన్నీ తెలుగు పత్రికల మొదటి పేజీల్లోకి వచ్చాయి.

ఇంకా లోటుగా మిగిలినవి స్పష్టంగా ఉన్నాయి: ట్రాన్స్ పురుషుడు ముఖ్య పాత్రగా తెలుగు సినిమా, ఇద్దరు స్త్రీలు కలిసి వయసు మీరే కథ, తెలుగులోనే పుట్టిన లెస్బియన్ ఆత్మకథకు విస్తృత ప్రచురణ, ట్రాన్స్ పాత్రకు ట్రాన్స్ నటి. ఇప్పటిదాకా సానుభూతి రాసినవారికీ పేరు వచ్చింది, వెక్కిరింత రాసినవారికీ డబ్బు వచ్చింది. ఇక రాయాల్సిందీ, తీయాల్సిందీ, నటించాల్సిందీ ఆ జీవితాలు గడిపినవాళ్లు. వాళ్లకు స్క్రీన్‌ప్లే గదిలో, న్యూస్‌రూమ్‌లో, ప్రచురణ సంస్థలో కుర్చీ వేయడమే ఈ చరిత్ర తెలుగు మాధ్యమాలకు అప్పగిస్తున్న పని.